కొల్లేటిలో శరత్కాలపు చేపల వేట

కొల్లేరు సరస్సులో భాద్రపద, ఆశ్వయుజ మాసాలలో, అనగా సుమారు సెప్టెంబరు, అక్టోబరు నెలలలో జరిగే సాంప్రదాయిక వేటను కొల్లేటి శరత్కాలపు చేపల వేట అనవచ్చును. నైరుతి ఋతుపవనాలు తగ్గుముఖం పట్టి, బంగాళాఖాతపు తుఫానుల కాలం ఇంకా ముదరని ఈ సంధికాలంలో సరస్సు నిండుగా ఉంటుంది. చేప కూడా విరివిగా కదులుతుంది. తీరగ్రామాల మత్స్యకారులకు, ముఖ్యంగా వడ్డి కులస్తులకు, ఈ వేట తరతరాల జీవనాధారము.

సరస్సు స్వభావము

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న పల్లపు ప్రాంతమే కొల్లేరు. 2022 జిల్లాల పునర్విభజన తరువాత ఇది ప్రధానంగా ఏలూరు జిల్లాలో ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైన వాగులు, డెల్టా కాలువల మురుగునీరు ఇందులో కలుస్తాయి. నీరు బయటకు పోవుటకు ఉన్న మార్గము ఉప్పుటేరు ఒక్కటే. ఇది సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరుగుతూ బంగాళాఖాతంలో కలుస్తుంది.

సముద్రమట్టానికి 10 అడుగుల ఎత్తు వరకు నీరు నిండితే సరస్సు 901 చదరపు కిలోమీటర్లు వ్యాపిస్తుంది. 5 అడుగుల వద్ద 308, 3 అడుగుల వద్ద 135 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మట్టం కొద్దిగా తగ్గినా అంచులు ఎంతో దూరం లోనికి జరుగుతాయని ఈ అంకెలు తెలుపుతున్నాయి. శరత్కాలపు వేట అంతా ఈ జరుగుబాటుపైననే ఆధారపడి ఉన్నది.

శీతల దేశాలలోని లోతైన సరస్సులలో వేసవియందు పై నీరు వెచ్చగా, అడుగు నీరు చల్లగా పొరలుగా విడిపోతుంది. శరత్తులో పై పొర చల్లబడి బరువెక్కి క్రిందికి దిగగా రెండూ కలిసిపోతాయి. అక్కడి గాలపు వేటగాళ్ళు ఈ మార్పును కనిపెట్టి ఉంటారు. కొల్లేరు చాలా లోతు తక్కువ సరస్సు కనుక గాలికే నీరు అడుగువరకు కలియబడుతుంది, పొరలు నిలువవు. విదేశీ పుస్తకాలలోని సూత్రాలను ఇక్కడికి యథాతథంగా అన్వయించుట తగదు. ఇచట వేటను నిర్ణయించేవి నీటిమట్టం, ప్రవాహం, నాచు, ప్రాణవాయువు.

ప్రాణవాయువు విషయం కొంత వివరించవలసి ఉన్నది. గుర్రపుడెక్క, తూడు దట్టంగా అల్లుకొన్నచోట నీటిలోని మొక్కలు, కుళ్ళుతున్న ఆకులు రాత్రంతా ప్రాణవాయువును వాడుకొంటాయి. తెల్లవారుజామున అది కనిష్ఠస్థాయికి చేరుతుంది. అప్పుడు బొచ్చె, శీలావతి వంటివి నాచు విడిచి బయటి నీటికి వస్తాయి. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి మాత్రం గాలిని నేరుగా పీల్చగలవు కనుక నాచులోనే ఉండి, మధ్యమధ్య పైకి వచ్చి గుటక వేసి మునుగుతాయి. ఆ బుడగలను బట్టి చేప ఉనికిని గుర్తించుట అనుభవజ్ఞులకు సులభమే.

వేట పద్ధతులు

తొలకరి వరదలకు ఎదురెక్కి ముంపు పొలాలలోనికి, వాగులలోనికి పోయిన చేపలు, వాటి పిల్లలు నీరు తీసే వేళకు తిరిగి పల్లానికి దిగుతాయి. కాలువ మొగలలో వెదురు తడికెలు కట్టి, మధ్య సందులలో మావులు అమర్చుట దీనికి తగిన ఉపాయము. మావు వెదురు పుల్లలతో అల్లిన బోను. లోనికి పోయిన చేప తిరిగి రాలేదు. పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయిలు, రొయ్యలు ఇందులో పడతాయి. సాయంత్రం పెట్టి వేకువన తాటి దోనెలపై పోయి ఎత్తుకొంటారు. లోతులేని అంచులలో ఊతలు, తెరపి నీటిలో విసురువలలు వాడతారు. జెల్ల ముల్లు గుచ్చుకొంటే బాధిస్తుంది. ఇంగిలాయి ముల్లు విషపూరితము.

కొర్రమీనుకు గాలమే మేలు. బ్రతికిన చిన్న కప్పను గాని, చేపపిల్లను గాని ఎరగా గుచ్చి నాచు సందులలో ఆడిస్తారు. ఇది తడిగా ఉంచితే నీరు లేకున్నా చాలాసేపు బ్రతుకుతుంది కనుక సంతలో ప్రాణంతోనే అమ్ముడై మంచి ధర పలుకుతుంది. అయితే ఈ చేప వర్షకాలంలో గుడ్లు పెట్టి, పిల్లలను తల్లిదండ్రులే కాపాడుతాయి. ఆలస్యంగా పొదిగిన పిల్లలు శరత్తు ఆరంభంలో ఎర్రని గుంపుగా నీటిపై కనబడుతూ ఉంటాయి. వాటి క్రిందనే పెద్దచేప ఉంటుందని తెలిసి అక్కడ గాలం వేయుట తేలికే గాని, దానిని పడితే కాపు లేని పిల్లలు ఇతర చేపల పాలవుతాయి.

నీలకంఠ రొయ్య సంగతి వేరు. దీని పిల్లలు పెరుగుటకు ఉప్పు కలిసిన నీరు అవసరము. అందువలన గుడ్లతోనున్న ఆడ రొయ్యలు ఉప్పుటేరు వెంట దిగువకు పోవును. ఏటి మార్గాన్ని పూర్తిగా వలలతో మూసివేసినచో ఆ వలస తెగిపోతుంది.

నేటి పరిస్థితి

1999లో 5 అడుగుల కాంటూరు వరకు సరస్సును వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. సాంప్రదాయిక వేటకు అనుమతి నిలిచింది, చేపల చెరువుల త్రవ్వకం నిషిద్ధమైనది. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒప్పందపు చిత్తడినేలల జాబితాలో చేరినది. 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లను ప్రభుత్వం పడగొట్టించినది. చెరువులలో వాటా ఉన్న పేద కుటుంబాలు కూడా అప్పుడు నష్టపోయాయి. తరువాతి కాలంలో అనేకచోట్ల చెరువులు మరల వెలిసినవి.

చెరువు గట్టు నీటికే గాక చేపకు కూడా అడ్డుగోడయే. వరదతో పొలాలకు పోయి తిరిగివచ్చే దారులు మూసుకొనిపోగా మావులలో పడే చేప తగ్గుతుంది. గట్లు తెగినప్పుడు పెంపకపు చేపలు సరస్సులోనికి కొట్టుకొనివస్తాయి. వాటిలో నిషేధించబడిన ఆఫ్రికా మార్పు ఉంటే అది స్థానిక జాతులను తినివేయగలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన వరద చివరకు కొల్లేటికే చేరినది. అటువంటి ఏడు వేటకు నీరు పుష్కలమే, కాని దోనె, వల, ఇల్లు కాపాడుకొనుటే లంక గ్రామాలవారికి మొదటి పని అవుతుంది.