బాలికల బడికి పునాదివేసిన తల్లులు

జగ్గయ్యపేటకును నందిగామకును చేరువ, మునేటి గట్టున వెలసిన పెనుగంచిప్రోలు పేరు చెప్పగనే తిరుపతమ్మతల్లి తిరునాళ్లు తలపునకు వచ్చును. ఆ గ్రామముననే 1874లో భండారు అచ్చమాంబగారు జన్మించిరి. ఆ సంవత్సరముననే కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పిరి.

గోదావరి యొడ్డున వెలిగిన ఆ దీపపు వెలుగు నాటికి మునేటి గట్టును చేరలేదు. పసితనముననే తండ్రిని గోల్పోయి, పదియేండ్ల ప్రాయమున పెండ్లియై, భర్త మాధవరావుగారి యుద్యోగమును బట్టి మధ్యపరగణాలకు వెడలిన అచ్చమాంబగారు ఏ బడిలోను చదివినవారు కారు. విద్యాభ్యాసమునకై తమ యింట నిలిచిన తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారే వారికి గురువు. తమకన్న మూడేండ్లు చిన్నవాని యెదుట పుస్తకము విప్పి కూర్చుండుటకు వారు సంకోచింపలేదు. తెలుగు, హిందీ చక్కగా నేర్చి, మరాఠీ మొదలగు భాషలతోను పరిచయము సంపాదించిరి.

అట్లు ఇంటనే పండిన విద్యకు ఫలము 1901లో వెలువడిన ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’. స్త్రీలు స్వభావముచేతనే మందమతులనియు, చదివిన చెడిపోవుదురనియు పలికెడి లోకమునకు, విదుషీమణులయు వీరనారులయు జీవితములనే సాక్ష్యముగా నిలిపిన గ్రంథమది. పేరున ‘అబల’ యున్నను, పుటపుటయందును కనబడునది బలమే. మఱుసటి యేట వ్రాసిన ‘స్త్రీవిద్య’ యను కథ ఆద్యంతము దంపతుల సంభాషణ: తనకు చదువేలయని భార్య శంకించును, భర్త ఓపికతో నచ్చజెప్పును. ఆనాడు ఇంటింట వినబడు వాదమునే వారు కథగా మలచిరి.

వ్రాసి యూరకుండినవారు కారు. 1902లో బందరునందు ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో గూడి బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. తమ బిడ్డలను మృత్యువు హరింపగా, అనాథశిశువులను ఇంట జేర్చుకొని విద్య గఱపిరి. తుదకు, పూనాలో బాలికలకు చదువు చెప్పిన సావిత్రీబాయి ఫూలేవలెనే, ప్లేగు రోగులకు పరిచర్య చేయుచు ఆ వ్యాధికే లోనై, 1905 జనవరి 18న, ముప్పదియొక్క యేండ్లైన నిండకముందే కన్నుమూసిరి.

మునేరు కృష్ణలో కలసినట్లు ఆ సంకల్పము పెద్ద ప్రవాహమున జేరినది. కృష్ణకు ఆవలి గడ్డనున్న గుంటూరున, ఉన్నవ లక్ష్మీబాయమ్మగారు భర్త లక్ష్మీనారాయణ పంతులుగారితో గూడి, వితంతు శరణాలయ నిర్వహణమున గడించిన యనుభవముతో, 1922లో శారదానికేతనమును స్థాపించి, స్త్రీలకు అక్షరవిద్యతోపాటు చేతిపనులు నేర్పు నెలవును కల్పించిరి. బాల్యముననే బాలికలకు హిందీ పాఠశాల నడిపిన దుర్గాబాయిగారు 1937లో మదరాసున ఆంధ్రమహిళాసభకు అంకురార్పణ గావించిరి.

పాఠశాలకు గోడలు లేవకముందే, ఆడపిల్ల చదువవలెనను నిశ్చయము ఒక మనస్సున లేవవలెను. అట్టి నిశ్చయములు మన తెలుగునాట మొలకెత్తిన తొలి మనస్సులలో నొకటి పెనుగంచిప్రోలు బిడ్డది. ప్రతి జనవరి 18వ నాడును జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల పాఠశాలలలో ఉపాధ్యాయులు ఒక్క పావుగంట పాఠమాపి, బడి మొగమెఱుగని ఆ తల్లి కథను పిల్లలకు చెప్పుదురుగాక!