చేపు

మా పెద్దమ్మ 1962లో తొలికాన్పులో పోయింది. బిడ్డ పుట్టింది, మాయ పడింది, నెత్తురు మాత్రం ఆగలేదు. శామీర్‌పేట పక్క ఊరి నుంచి ఎడ్లబండిలో పడుకోబెట్టి సికింద్రాబాదుకు బయల్దేరితే అల్వాల్ చేరకముందే ప్రాణం పోయిందట. "బొంత తడిసి కిందికి కారింది బిడ్డా" అని అమ్మమ్మ ఒకసారి చెప్పింది. రెండోసారి అడిగితే చెప్పలేదు.

అప్పటికి మందు లేదా అంటే, ఉంది. రై ధాన్యపు కంకులకు పట్టే ఎర్గాట్ బూజు కాన్పులో పనికొస్తుందని యూరప్ మంత్రసానులకు ఎప్పటినుంచో తెలుసు. అమెరికా వైద్యుడు జాన్ స్టెర్న్స్ 1808లో రాశాక అది వైద్య పత్రికల్లోకెక్కింది. మంత్రసానుల పేర్లు ఎక్కలేదు. 1935లో డడ్లీ, మోయిర్ దాన్లోంచి ఎర్గోమెట్రిన్‌ను వేరుచేశారు. 1906లో హెన్రీ డేల్ పిట్యూటరీ గ్రంథి సారంతో పిల్లి గర్భసంచి ముడుచుకోవడం గమనించాడు. ఆ సారంలోని ఆక్సిటోసిన్‌ను 1953లో విన్సెంట్ డు విన్యో ప్రయోగశాలలో తయారుచేసి, 1955లో నోబెల్ అందుకున్నాడు. పెద్దమ్మను బండెక్కించే నాటికి ఆ నోబెల్‌కు ఏడేళ్లు.

ఆక్సిటోసిన్ గర్భసంచిని బిగిస్తుంది. మాయ ఊడిన చోట తెరుచుకున్న నాళాలు ఆ బిగింపుకే మూసుకుంటాయి. దాని రెండో పని పాలు చేపించడం. చేపు అన్న మాట మనకు బర్రెకీ బాలింతకీ ఒకటే. పసిబిడ్డకు రొమ్మిచ్చినప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టిన నొప్పి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ నొప్పీ ఆ చేపూ ఒకే రసాయనం పని.

నేను ఆ మందును మొదట చూసింది కాన్పు గదిలో కాదు, మేడ్చల్ దారిలో ఒక బర్రెల కొట్టంలో. దుడ్డె చచ్చిన బర్రె చేపడం లేదని ఒక పిల్లాడు సూది పొడిచాడు. "ఇది లేకుంటే పాలెక్కడివి అక్కా" అన్నాడు. బర్రె కదలకుండా నిలబడింది. అది హింస కాదని నేననను.

2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం పశువుల మీద జరిగే ఈ దుర్వినియోగాన్నే చూపించి, దేశంలో వాడే ఆక్సిటోసిన్‌ను ప్రైవేటు కంపెనీలు తయారుచేయకూడదంది. ప్రభుత్వరంగంలోని కర్ణాటక యాంటీబయాటిక్స్ ఒక్కటే చేయాలట. కాన్పు కాగానే ప్రతి తల్లికీ 10 యూనిట్లు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మందు అది. ఇంత దేశానికి ఒక్క కార్ఖానా! కొట్టంలో దొంగసూదిని పట్టుకోలేక కాన్పు గది మందుకు తాళం వేయబోయారు. ఆలిండియా డ్రగ్ యాక్షన్ నెట్‌వర్క్, కొన్ని కంపెనీలు కోర్టుకెళ్లాయి. డిసెంబరు 14న ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఉత్తర్వుకూ తీర్పుకూ మధ్య ఏడున్నర నెలలు. స్త్రీల శరీరం గురించి ఇంత రాసే నేను ఆ ఏడున్నర నెలల్లో ఒక్క ముక్క రాయలేదు. పాల కల్తీ వార్త అనుకుని పేజీ తిప్పేశాను.

ఆక్సిటోసిన్‌తో ఇంకో చిక్కుంది. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచాలి. మన మే నెల ఎండ 40 దాటుతుంది. కరెంటు పోయిన ఫ్రిజ్‌లో సీసా పైకి అలాగే కనిపిస్తుంది, లోపల మందు బలం తగ్గిపోతుంటుంది. వేడికి తట్టుకునే కార్బెటోసిన్ దానికి తీసిపోదని మన దేశంతో కలిపి 10 దేశాల్లో దాదాపు 30,000 మంది స్త్రీల మీద జరిగిన పరీక్ష తేల్చింది. ఆ ఫలితాలు వచ్చింది కూడా 2018 జూన్‌లోనే. ఆ మందు తయారుచేసిన ఫెరింగ్ కంపెనీ 2022లో శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో ఒక యూనిట్ తెరిచింది. ఆ వార్త చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది అమ్మమ్మ బొంతే.

ఆ రోజు పుట్టిన బిడ్డ, మా అక్క, బతికింది. ఇంటి బర్రె పాలు నీళ్లు కలిపి, దూదితో పిండి పోశారట. దుడ్డె ఉన్న బర్రె. సూది లేకుండానే చేపేది.