రిఫ్ట్ వ్యాలీ జ్వరంలో నేత్రవ్యాధి

రిఫ్ట్ వ్యాలీ జ్వరం ప్రధానంగా గొర్రెలు, మేకలు, పశువులు, ఒంటెలకు వచ్చే వైరస్ వ్యాధి. వాటి నుంచి మనుషులకు సోకినప్పుడు కొందరిలో ఇది కంటి వెనుక భాగాన ఉండే రెటీనా పొరను వాపుకు గురిచేసి, చూపును శాశ్వతంగా దెబ్బతీస్తుంది. 1931లో కెన్యాలోని రిఫ్ట్ లోయలో, నైవాషా సరస్సు సమీపాన గొర్రెల మందల్లో చెలరేగిన వ్యాధిని పరిశోధిస్తూ శాస్త్రజ్ఞులు ఈ వైరస్‌ను గుర్తించగా, దాని వల్ల మనుషుల చూపు పోతుందన్న విషయం 1951లో దక్షిణాఫ్రికా వైద్యుల నివేదికలతో వెలుగులోకి వచ్చింది. 1977లో ఈజిప్టులోను, 2000లో సౌదీ అరేబియా, యెమెన్‌లలోను ఇది విజృంభించింది. ఆఫ్రికా ఖండం దాటి వ్యాపించడం 2000లోనే మొదలు.

ఏడిస్ దోమల గుడ్లలో ఈ వైరస్ పొడినేలలో ఏళ్ల తరబడి నిలిచి, భారీ వర్షాలకు పల్లాలు నిండగానే దోమలతో పాటు బయటపడుతుంది. చూడి గొర్రెలు మందలు మందలుగా ఈసుకుపోవడం దాని తొలి లక్షణం. మనుషులకు దోమకాటు కంటే, పశువులను కోసేటప్పుడు, అవి ఈనేటప్పుడు సాయపడే సమయంలో తగిలే రక్తం, ద్రవాల ద్వారానే ఎక్కువగా సోకుతుంది కనుక కాపరులు, కసాయివారు, పశువైద్యులు ముందుగా దీని బారిన పడతారు.

సోకినవారిలో అత్యధికులు కొద్దిరోజుల జ్వరంతో బయటపడతారు. నేత్రవ్యాధి సుమారు 0.5 నుంచి 2 శాతం మందిలోనే కనిపిస్తుంది. అయితే అది జ్వరం మొదలైన ఒకటి నుంచి మూడు వారాలకు, అంటే రోగి కోలుకున్నాననుకునే వేళకు వస్తుంది. తగ్గిపోయిన జ్వరానికీ మసకబారిన చూపుకూ సంబంధం ఉందని తోచకపోవడమే ఇందులోని అసలు చిక్కు. రెటీనా మధ్యన ఉండి, అక్షరాలను, ముఖాలను స్పష్టంగా చూపే మాక్యులా అనే చిన్న ప్రాంతంలో తెల్లని మచ్చలు, రక్తస్రావం ఏర్పడినప్పుడు, ఎదుటి మనిషి ముఖం ఉన్నచోట నల్లని మరక, చుట్టూ మాత్రం మామూలు దృశ్యం కనిపిస్తాయి. మచ్చలు 10–12 వారాల్లో మానినా, మాక్యులా దెబ్బతిన్నవారిలో దాదాపు సగం మందికి పోయిన చూపు తిరిగి రాదు.

వైరస్‌ను నిర్మూలించే నిర్దిష్టమైన మందు లేదు. కంటి ముందుభాగంలో వాపు ఉంటే స్టెరాయిడ్ చుక్కలు వాడతారు. పశువులకు టీకాలున్నా, వ్యాధి ప్రబలాక ఒకే సూదితో మందంతటికీ వేస్తే వైరస్ మరింత వ్యాపిస్తుంది కాబట్టి, వాటిని వర్షాలకు ముందే వేయించాలి.