మేస్త్రీ పెత్తనం నుంచి హెచ్‌ఆర్ దాకా

మన మిల్లుల్లో నియామకాల పని మొదట మేస్త్రీది. బొంబాయి నూలు మిల్లుల్లో అతన్ని జాబర్ అన్నారు, కలకత్తా జనపనార మిల్లుల్లో సర్దార్ అన్నారు. పనిలో పెట్టేదీ, తీసేసేదీ, సెలవిచ్చేదీ, అప్పిచ్చేదీ అతనే. అన్నిటికీ మామూళ్లు ముట్టాలి. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి రంగూన్‌కు ఓడెక్కిన మన కూలీలు కూడా మేస్త్రీ ఇచ్చిన బయానాకు కట్టుబడి వెళ్లినవాళ్లే.

ఈ పెత్తనాన్ని వేలెత్తి చూపింది విట్లీ అధ్యక్షతన 1929లో ఏర్పడిన రాయల్ కమిషన్. పెద్ద ఫ్యాక్టరీల్లో లేబర్ ఆఫీసర్‌ను పెట్టాలనీ, కూలీలను అతనే స్వయంగా చేర్చుకోవాలనీ, మేనేజర్ తీసేస్తే తప్ప ఆ ఆఫీసర్ సమ్మతి లేకుండా ఎవరినీ తొలగించకూడదనీ 1931 నివేదికలో సిఫారసు చేసింది. అతను నిజాయితీపరుడై ఉండాలి, మనుషుల్ని అర్థం చేసుకోవాలి, కూలీల భాష మాట్లాడగలగాలి. ఈ వృత్తికి ఇంతకంటే మంచి అర్హతల జాబితా ఆ తర్వాత ఎవరూ రాయలేదని నా నమ్మకం.

జంషెడ్‌పూర్‌లో టాటాలు 1912లోనే ఎనిమిది గంటల పని, 1920లో జీతంతో సెలవు, ప్రావిడెంట్ ఫండ్ అమలు చేశారు. కానీ అది యజమాని పెద్దమనసు మీద నడిచిన వ్యవహారం. 1948 ఫ్యాక్టరీల చట్టం దాన్ని హక్కుల దారి పట్టించింది. 500 మంది పనిచేసే చోట సంక్షేమాధికారి, 250 మంది దాటితే క్యాంటీన్ ఉండాలంది. 1936లో బొంబాయిలో టాటాల పేరిట వెలసిన సామాజిక సేవా విద్యాలయం, 1949లో జంషెడ్‌పూర్‌లో మొదలైన ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ ఈ పనికి చదువుకున్నవాళ్లను తయారుచేశాయి. అయినా పర్సనెల్ డిపార్ట్‌మెంట్ చాలాచోట్ల హాజరు పట్టీలు, మెమోలు, యూనియన్‌తో బేరాల దగ్గరే ఆగింది.

ఆ గోడను కదిపినవారు అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు ఉదయ్ పరీక్, తెలుగువాడైన టి.వి.రావు. 1970ల మధ్యలో లార్సెన్ అండ్ టూబ్రో కోసం వారు సూచించిన మానవ వనరుల అభివృద్ధి విభాగం దేశంలో ఆ తరహాలో మొదటిదిగా పేరుపొందింది. పనితీరు అంచనా మార్కులతో ముగియకూడదనీ, ఉద్యోగిని కూర్చోబెట్టి మాట్లాడాలనీ, రేపు అతను ఏ బాధ్యత మోయగలడో చూడాలనీ వారి పట్టుదల.

ఆ పట్టుదలకు చోటు దొరికిన సంస్థల్లో మనుషులు ఎదిగారు. అయితే అది ఎక్కువగా కుర్చీల్లో కూర్చునేవాళ్లకే అందింది. అదే ఫ్యాక్టరీ గేటు దగ్గర కాంట్రాక్టు మీద వచ్చే మనిషిని ఎంచుకునేదీ, జీతమిచ్చేదీ, రేపటి నుంచి రావద్దనేదీ కాంట్రాక్టరే. 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చినా ఆ పద్ధతి పెరుగుతూనే ఉంది. విట్లీ కమిషన్ మేస్త్రీ నుంచి లాక్కుని లేబర్ ఆఫీసర్‌కు ఇమ్మన్న అధికారం అక్కడ మళ్లీ మధ్యవర్తి దగ్గరికే చేరింది. ఆ కార్మికుడి మొర వినే పని హెచ్‌ఆర్ తనదిగా ఇంకా రాసుకోలేదు.