స్పంజికల వర్గీకరణ: ముల్లు నుంచి జన్యువు దాకా

స్పంజికకు నోరు లేదు, పొట్ట లేదు, నాడులు లేవు. అలలు కొట్టే రాతి మీద పలచగా పరుచుకునే జాతే నిశ్చలమైన నీటిలో కొమ్మలు వేసుకుని పెరగవచ్చు. రంగునూ నమ్మడానికి లేదు, ఆల్కహాల్‌లో వేసిన నమూనా త్వరలోనే వెలిసిపోతుంది. వర్గీకరణకు పట్టు దొరికే లక్షణాలు ఇంత తక్కువగా ఉన్న జంతువులు అరుదు. అందుకే స్పంజికల వర్గీకరణ చరిత్ర చాలావరకు ఏ లక్షణాన్ని నమ్మాలన్న వివాదంగానే సాగింది.

మొదటి వివాదం అది జంతువా, మొక్కా అన్నదే. పీకబోతే స్పంజిక బిగుసుకుంటుందని జనం చెప్పుకునే మాటను అరిస్టాటిల్ నమోదు చేశాడు. టొరోనే ఊరివాళ్లు దాన్ని ఒప్పుకోరని కూడా అక్కడే రాశాడు. లిన్నేయస్ 1753లో స్పంజికలను మొక్కల గ్రంథంలో నాచుల సరసన చేర్చాడు. 1765లో జాన్ ఎల్లిస్ స్పంజికల రంధ్రాల దగ్గర నీటి కదలికను గమనించి, ఇవి జంతువులేనని వాదించాడు. 1767 నాటి ‘సిస్టమా నేచురే’ పన్నెండో కూర్పులో లిన్నేయస్ కూడా వాటిని జంతువుల్లోకి మార్చాడు. అయినా సందేహం తీరలేదు.

దాన్ని తీర్చినవాడు స్కాట్లండ్‌కు చెందిన రాబర్ట్ ఎడ్మండ్ గ్రాంట్. ఎడింబరో దగ్గరి సముద్రతీరంలో బతికున్న స్పంజికలను సేకరించి, 1825లో ఒక చిన్న కొమ్మను సముద్రపు నీటితో సహా గాజు పళ్లెంలో పెట్టి సూక్ష్మదర్శిని కింద చూశాడు. పెద్ద రంధ్రంలోంచి నీరు ధారగా బయటికి చిమ్ముతోంది, దాంతోపాటు మలినపు ముద్దలూ కొట్టుకొస్తున్నాయి. ఒంటినిండా ఉన్న సన్నని రంధ్రాల గుండా నీరు లోపలికి వెళ్లి, పెద్ద రంధ్రాల గుండా బయటికి వస్తుందని, ఆ ప్రవాహం ఎప్పుడూ ఒకే దిక్కుగా సాగుతుందని ఆయన తేల్చాడు. పొరిఫెరా అన్న పేరు పెట్టిందీ ఆయనే. ఆ రోజుల్లో ఆయన వెంట తీరంలో తిరిగిన వైద్య విద్యార్థుల్లో చార్లెస్ డార్విన్ ఒకడు.

నీటిని తోసే కణాల సంగతి 1860లలో బయటపడింది. అమెరికాకు చెందిన హెన్రీ జేమ్స్-క్లార్క్ స్పంజికల లోపలి కణాలకు కాలర్, దాని నడుమ ఒక కశాభం ఉన్నాయని చూశాడు. కోయనోఫ్లాజెల్లేట్లనే ఏకకణ జీవులదీ అచ్చం అదే రూపం. బంధుత్వం గురించిన అసలు ప్రశ్న ఇక్కడే పుట్టింది. 1872లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ సున్నపు స్పంజికల మీద పెద్ద గ్రంథం వెలువరించి, వాటిని పరిణామవాదానికి సాక్ష్యంగా నిలబెట్టాడు.

రోజువారీ వర్గీకరణ మాత్రం కంటకాల మీదే నడిచింది. కంటకాలంటే స్పంజిక దేహానికి ఆసరాగా ఉండే సూక్ష్మమైన ముళ్లు. చిన్న ముక్కను నత్రికామ్లంలో మరిగిస్తే మెత్తని భాగమంతా కరిగిపోయి ఇసకపదార్థంతో (సిలికాతో) తయారైన ముళ్లు మిగులుతాయి. వాటిని కడిగి గాజు పలక మీద ఆరబెట్టి, ఆకారం చూసి, పొడవు కొలుస్తారు. సున్నపు స్పంజికను పొరపాటున ఆమ్లంలో వేస్తే అస్థిపంజరమే మాయమవుతుంది, దానికి బ్లీచింగ్ ద్రావణం వాడాలి. 1872-76 మధ్య చాలెంజర్ నౌక సముద్రాల్లోంచి తెచ్చిన నమూనాలను ఈ కొలతలతోనే విడదీశారు. ఆరు కిరణాల గాజు ముళ్లున్న హెక్సాక్టినెల్లిడా మీద షుల్జే 1887లో ఇచ్చిన నివేదిక వాటిలో పేరుపొందింది. ఎడ్గార్ థర్‌స్టన్ మద్రాసు పరిసరాల్లో సేకరించిన స్పంజికలను ఆర్థర్ డెండీ వర్ణించిందీ అదే ఏడాది.

జాతిని గుర్తుపట్టడానికి ముల్లు గట్టి ఆధారం, వంశాన్ని చెప్పడానికి మాత్రం బలహీనమైన సాక్షి. ఒకే రకం ముల్లు వేర్వేరు శాఖల్లో విడివిడిగా పుట్టవచ్చు, ఉన్న ముల్లు పోనూవచ్చు. స్నానానికి వాడే స్పంజికల్లో అసలు కంటకాలే లేవు, స్పాంజిన్ పోగులే ఆసరా. ఈ ఇబ్బందిని గమనించే 1950లలో క్లోడ్ లెవీ సంతానోత్పత్తిని ఆధారం చేసుకున్నాడు. గుడ్లు బయటికి వదిలేవి ఒకవైపు, లార్వాలను లోపలే పెంచేవి మరోవైపు అని స్పంజికల్లో ఒక విభాగమైన డీమోస్పంజికలను రెండుగా చీల్చాడు. 1970లో హార్ట్‌మన్, గోరో జమైకా దిబ్బల చీకటి సందుల్లో దొరికిన రాతి అడుగు స్పంజికలకు స్క్లెరోస్పాంజియే అనే కొత్త విభాగమే ఏర్పరిచారు. ఆ సున్నపు అడుగు వేర్వేరు వంశాల్లో వేర్వేరుగా వచ్చిందని తరవాత తేలడంతో ఆ విభాగం రద్దయింది.

2002లో హూపర్, వాన్ సూస్ట్ సంపాదకత్వంలో ‘సిస్టమా పొరిఫెరా’ వెలువడింది. దేహ లక్షణాల మీద ఆధారపడిన వర్గీకరణకు అది పరాకాష్ఠ. అప్పటికే డీఎన్ఏ పోలికలు దాని పునాదుల్ని కదుపుతున్నాయి. లెవీ చేసిన రెండు ముక్కలూ నిలవలేదు. నాలుగు కిరణాల ముళ్లను బట్టి డీమోస్పంజికల్లో చేర్చిన హోమోస్క్లెరోమార్ఫా వాటికి దగ్గరి బంధువులే కాదని, సున్నపు స్పంజికల వైపు మొగ్గుతాయని తేలింది. హోమోస్క్లెరోమార్ఫా కణాల పొర కింద నాలుగో రకం కొల్లాజెన్‌తో కూడిన ఆధారపటలం స్పష్టంగా ఉంటుంది. 2012లో వాటికి ప్రత్యేక విభాగం హోదా దక్కింది. దాంతో కాల్కేరియా (సున్నపు స్పంజికలు), హెక్సాక్టినెల్లిడా, డీమోస్పాంజియే అని మూడే విభాగాలు చెప్పే పాఠ్యపుస్తకాలు పాతబడ్డాయి. 2015లో మారో, కార్డెనాస్ డీమోస్పంజికలను 3 ఉపవిభాగాలుగా, 22 క్రమాలుగా తిరగరాశారు.

జంతువుల వంశవృక్షం మొదలు దగ్గర మాత్రం తగవు తీరలేదు. సున్నపు స్పంజికలు తక్కిన స్పంజికలకన్నా ఇతర జంతువులకే దగ్గరని కొన్నాళ్లు వాదన నడిచింది. జన్యువుల సమాచారం పెరిగాక స్పంజికలన్నీ ఒకే వంశమన్న అభిప్రాయం బలపడింది. జంతువుల్లో మొదట విడివడ్డ శాఖ స్పంజికలా, టీనోఫోర్లనే కాంతివంతమైన సముద్రజీవులా అన్నది 2008 నుంచి నలుగుతోంది. క్రోమోసోముల్లో జన్యువుల అమరికను పోల్చిన 2023 నాటి పరిశోధన టీనోఫోర్ల వైపే తీర్పు చెప్పింది, దాన్ని అందరూ అంగీకరించలేదు. ఈలోగా గుర్తింపు పొందిన స్పంజిక జాతుల సంఖ్య 9,000 దాటింది. కొత్త జాతిని వర్ణించేవారు నేటికీ డీఎన్ఏతో పాటు ముళ్ల కొలతలూ ఇస్తున్నారు.