కొమ్మ కోసినచోటి గాయము

మునగకొమ్మను నఱికిన వెంటనే ఆ కోతమీద గుప్పెడు పచ్చిపేడ మెత్తుట మన పల్లెలలో నేటికిని కనుపట్టు ఆచారము. కోసినచోటు ఎండిపోక, పురుగు పట్టక, నీరు దిగక యుండుటకై యట్లు చేయుదుమని పెద్దలు చెప్పుదురు. వృక్షము ప్రాణి యనియు, దానికి తగిలిన కోత వ్రణమనియు, వ్రణమునకు లేపనము కావలెననియు భావించిన ఒక పురాతనదృష్టి ఈ చిన్నపనిలో ఇమిడియున్నది. ఆ దృష్టి మన దేశమునకే పరిమితమైనది కాదు. కోతపై పూయవలసినదానిని గూర్చి మనుష్యులు అనేక శతాబ్దములు ఆలోచించిరి. కోత ఎచ్చట పడవలెనను సంగతి మాత్రము మిక్కిలి ఆలస్యముగా తెలియవచ్చినది.

క్రీస్తుశకము ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయము నొసగి, రోగగ్రస్తమైన చెట్టునకు మొదట శస్త్రముతో చెడినభాగమును శోధింపవలెననియు, పిమ్మట వాయువిడంగములు, నేయి, బురద కలిపిన ముద్దను పట్టించి, పాలు కలిపిన నీటితో తడుపవలెననియు విధించెను. తరువాతి కాలమున సురపాలుడు తన వృక్షాయుర్వేదమునందు మనుష్యులకు వలెనే చెట్లకును వాతపిత్తకఫ దోషములను చెప్పి, వానికి తగిన చికిత్సలను వివరించెను. ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున నున్న ఆ గ్రంథపు వ్రాతప్రతిని తెప్పించి, 1996లో ఆంగ్లానువాదముతో ప్రకటించిన ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ మన సికింద్రాబాదున వెలసిన సంస్థయగుట సంతోషముతో స్మరింపదగిన విషయము. వరాహమిహిరుడు శస్త్రమును ముందుంచి లేపనమును వెనుకనుంచిన క్రమము నాకు మిక్కిలి గౌరవపాత్రముగా తోచుచున్నది. చెడినదానిని తీసివేయక పైపూత పూయుట వ్యర్థమని ఆయన ఎఱిగియుండెను.

పదునెనిమిదవ శతాబ్దాంతమున ఇంగ్లండులో ఈ లేపనము రాజకార్యమైనది. ఆ దేశపు యుద్ధనౌకలు ముఖ్యముగా ఓక్ దారువుతో నిర్మింపబడు కాలమది. రాజారణ్యములలోని ఓక్ వృక్షములు తొఱ్ఱలుపడి చెడుచుండుట ప్రభుత్వమునకు గొప్ప చింతయైనది. అట్టి తరుణమున, 1784లో మూడవ జార్జిరాజు కెన్సింగ్టన్ తోటలకు అధికారిగా నియమించిన విలియం ఫార్సైత్ అను స్కాట్లండు దేశీయుడు, ఆవుపేడ ఒక బుషెలు, పాతగోడల సున్నపుపెళ్లలు అర బుషెలు, కట్టెబూడిద అర బుషెలు, కొంచెము ఇసుక కలిపి తాను చేసిన ముద్దను పట్టించినచో, తొఱ్ఱపడిన చెట్లు సైతము మరల గట్టిదారువును పెంచుకొనునని ప్రకటించెను. ఆ పాకమును చదువు తెలుగురైతునకు అందు అపరిచితమైన ద్రవ్యమొక్కటియు కనుపట్టదు. పార్లమెంటు అతనికి 1500 పౌనుల బహుమాన మిచ్చెను. 1791లో ఆ విధానము గ్రంథరూపమున వెలువడెను. థామస్ ఆండ్రూ నైట్ అను ఉద్యానశాస్త్రజ్ఞుడు ఆ ముద్దయొక్క మహిమను బహిరంగముగా శంకించి 1802లో చిన్నపుస్తకమునే వ్రాసెను. వివాదము తెగకమునుపే, 1804లో, ఫార్సైత్ గతించెను. వసంతమున పసుపుపచ్చని పూలు పూయు ఫార్సైథియా పొద ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నది.

పందొమ్మిదవ శతాబ్దమున పేడ స్థానమును తారు ఆక్రమించినది. ఫ్రాన్సు దేశీయుడైన దే కార్ ప్రభువు కొమ్మను కాండముతో సమముగా నున్నగా కోసి, ఆ కోతకు బొగ్గుతారు పూయవలెనని బోధించెను. వృక్షశాస్త్రజ్ఞుడు చార్లెస్ సార్జెంట్ పీఠికతో 1881లో అమెరికాలో ఆంగ్లమున వెలువడిన ఆయన గ్రంథము అచ్చటి తోటమాలులకు ప్రమాణమైనది. అట్టి కోత కంటికి ఇంపైనది. చుట్టునుండి బెరడు ముడుచుకొనివచ్చి గాయము మానినట్లే యుండును. ఆ యింపే నూఱేండ్లపాటు విద్వాంసులను సైతము భ్రమింపజేసినది.

దారువు కుళ్లుటకు శిలీంధ్రములే కారణమని జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హార్టిగ్ ఆ శతాబ్దమునందే నిరూపించెను. కాని గాయపడిన చెట్టు లోపల తానేమి చేయుచున్నదో కన్నులార చూచి చెప్పినవాడు అలెక్స్ షైగో. 1959లో అమెరికా అటవీశాఖలో చేరిన ఈ మహనీయుడు, మోటారు రంపముతో చెట్లను అడ్డముగా గాక నిలువుగా చీల్చి, వేలకొలది కాండముల అంతర్భాగమును పరీక్షించెను. చెట్టు మనవలె గాయమును మాన్పుకొనదనియు, చెడినభాగముచుట్టు గోడలు కట్టి దానిని అచ్చటనే బంధించి, వెలుపల క్రొత్తదారువును పెంచుకొనుననియు ఆయన 1977లో ప్రతిపాదించెను. ఆ గోడలు నాలుగు; వానిలో నాళములను మూసి కుళ్లు నిలువున ప్రాకకుండ నడ్డునది మొదటిది, అన్నిటికంటె బలహీనమైనది, గాయము తగిలిన పిమ్మట ఏర్పడి, పాతదారువునుండి క్రొత్తదానిని వేఱుపఱచునది నాల్గవది, అన్నిటికంటె దృఢమైనది. ఎఱ్ఱ మేపుల్, అమెరికా ఎల్మ్ చెట్ల కోతలపై పూసిన లేపనములు ఐదేండ్లు గడచినను కుళ్లును ఆపజాలలేదని ఆ సంవత్సరమే ఆయన మఱియొక పరీక్షాఫలితమును ప్రకటించెను.

ఇక కోత ఎచ్చట పడవలెనన్నచో, కొమ్మ కాండమును కలియుచోట మొదలున చిన్న ఉబ్బు కనుపట్టును. చెట్టుయొక్క రక్షణశక్తి యందే యున్నది. కాండముతో సమముగా కోసినచో ఆ ఉబ్బు తెగి కుళ్లు కాండములో ప్రవేశించును. పొడుగాటి మోడు విడిచినచో అది ఎండి శిలీంధ్రములకు నెలవగును. కావున ఉబ్బును తాకక, దానికి వెలుపల అంచుననే కోయవలెను. బరువైన కొమ్మయైనచో మొదట కాండమునకు అడుగుదూరమున క్రిందినుండి కొంతమేర కోసి, మఱికొంచెము ఆవల పైనుండి తెగకోసి, భారము తొలగిన మోడును కడపట తీయవలెను. లేనిచో పడుకొమ్మ కాండపు బెరడును చీల్చుకొనిపోవును. విద్యుత్తు తీగెలకొఱకై వేపచెట్ల తలలు నఱికివేయుట చూచినప్పుడెల్ల నా మనస్సు కలతపడును. కొమ్మ నడుమ పడిన కోతకు అట్టి రక్షణ లేదు, అచ్చట గుంపుగా పొడుచుకొనివచ్చు చివుళ్లు గట్టిగా అతుకుకొనక, ఎదిగిన పిమ్మట గాలివానకు విఱుగును.

అయినను పూతకు బొత్తిగా స్థానము లేదనరాదు. మన మామిడితోటలలో కోతలకు పూయు బోర్డోముద్ద మైలుతుత్తము, సున్నము కలిపిన శిలీంధ్రనాశకము; దాని ప్రయోజనము వేఱు. టెక్సాసు రాష్ట్రమున ఓక్ చెట్లను వాడజేసి చంపు శిలీంధ్రరోగమొకటి కలదు. పచ్చికోతనుండి స్రవించు రసమునకు ఆకర్షింపబడు పురుగులు దానిని చెట్టునుండి చెట్టునకు చేరవేయును. కనుకనే ఫిబ్రవరి మొదలు జూన్ వఱకు ఓక్ కొమ్మలను కోయరాదనియు, ఏ మాసమున కోసినను ఆ క్షణమే కోతను రంగుతో కప్పవలెననియు అచ్చటి అటవీశాఖవారు హెచ్చరించుచున్నారు. ఆస్టిన్, డాలస్ పరిసరములలో ఇండ్లు కొనుక్కొని స్థిరపడిన తెలుగువారు తమ ముంగిటి ఓక్ చెట్టుపై రంపము పెట్టుటకుముందే ఆ రంగుడబ్బా చేతికందునట్లు ఉంచుకొనవలెను.