తేలని రోగానికి బీమా

ప్రపోజల్ ఫారంలో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు వరకూ చకచకా రాసేశాను. ఆ తర్వాతి ప్రశ్న దగ్గర కలం ఆగిపోయింది. ఈ మధ్య ఏదైనా జబ్బు కోసం డాక్టరుని కలిశారా, ఏదైనా పరీక్షకి గానీ దాని ఫలితానికి గానీ ఎదురుచూస్తున్నారా అని అడిగారు. పక్కన రెండు గళ్లు. అవును, కాదు.

మా అమ్మాయికి డాలస్‌లో పురుడు. మా ఆవిడా నేనూ వెళ్లాలి. టికెట్లు కొనేశాక, మామూలుగా చేయించుకున్న రక్త పరీక్షలో నా క్రియాటినిన్ ఉండవలసినదాని కంటే కాస్త ఎక్కువ వచ్చింది. విశాఖపట్నంలో కిడ్నీ డాక్టరు కాగితాలన్నీ చూసి, "ఇప్పుడే ఏమీ అనలేను. మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం" అన్నాడు. మా ప్రయాణం ఆ మూడు నెలల మధ్యలో పడింది.

ఆ మూడు నెలలూ డాక్టరు బద్ధకం వల్ల వచ్చినవి కావు. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అనాలంటే ఆ తేడా మూడు నెలలకి మించి నిలబడాలని వైద్యశాస్త్రమే నియమం పెట్టుకుంది. ఎండదెబ్బకో, ఏదో మాత్రకో ఒకసారి పెరిగి తగ్గిపోవచ్చు. అంటే ఈ జబ్బు నిర్వచనంలోనే ఎదురుచూపు ఉంది. అప్పటిదాకా నేను రోగినీ కాదు, ఆరోగ్యవంతుణ్ణీ కాదు.

ఇంకో ఊళ్లో అయితే ఇంత కంగారు పడేవాణ్ణి కాదేమో. మాది నౌపడ. ఉప్పు మడుల ఊరు. కొంచెం ఉత్తరానికి వెళ్తే ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి తోటల నీడలో, షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు పాడవుతున్న నేల అది. నీళ్లన్నారు, మట్టన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. ఇదీ కారణమని ఒక్కదాన్ని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రీ తెరిచారు. నాది మూడు నెలల ఎదురుచూపు. ఉద్దానానిది కొన్ని దశాబ్దాలది.

బీమా పని చూసే కుర్రాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. నా చేతిలో ఫారం చూసి, "ఏటి మేస్టారూ, రోగం అని ఇంకా తేల్లేదు గదా. కాదు అని పెట్టీండి. ఏటవుద్ది?" అన్నాడు. వాడి మాటలో తర్కం లేకపోలేదు. తేలని దాన్ని ఉందని ఎలా రాస్తాం? ఆ రాత్రి నిద్ర పట్టక, అసలీ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందా అని పాత సంగతులు తిరగేశాను.

ప్రయాణికులకి బీమా మొదట అమ్మింది రైళ్ల దగ్గర. 1849లో లండన్‌లో రైల్వే ప్యాసింజర్స్ అస్యూరెన్స్ కంపెనీ పుట్టింది. మొదటి తరగతి వాళ్లు మూడు పెన్నీలు ఇస్తే వెయ్యి పౌండ్లకి బీమా, మూడో తరగతి వాళ్లు ఒక్క పెన్నీ ఇస్తే రెండొందల పౌండ్లకి. ప్రమాదానికి మాత్రమే. ఒంట్లో ఎలా ఉందని ఎవరూ అడగలేదు. మన రైల్వే టికెట్‌తో 2016 సెప్టెంబరు నుంచి 92 పైసలకి పది లక్షల బీమా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడూ అంతే. రైలు పట్టాలు తప్పడానికీ నా క్రియాటినిన్‌కీ సంబంధం లేదు కాబట్టి ఆ ప్రశ్న అక్కర్లేదు. ప్రమాదంతో పాటు ప్రయాణంలో వచ్చే జబ్బుకి కూడా డబ్బిస్తామన్న చోటే ఒంటి సంగతి అడగవలసి వస్తుంది.

మా తాతని ఆ ప్రశ్న కూడా ఎవరూ అడగలేదు. ఆయన రంగం పోయినవాడు. రంగూన్‌ని మా వైపు అలాగే అనేవారు. అప్పటికి మా ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. కళింగపట్నం, బారువ రేవుల నుంచి స్టీమర్లలో వేలమంది కూలికి పోయేవారు. మేస్త్రీ ముందుగా అప్పిచ్చి తీసుకెళ్లేవాడు, ఆ అప్పే వాళ్ల మెడకి తాడు. సరుక్కి బీమా దొరికే రోజులే అవి. కలకత్తాలో ట్రైటన్ కంపెనీ 1850లోనే పెట్టారు. ప్రాణానికి బీమా అంతకంటే ముందే, 1818లో ఓరియంటల్ కంపెనీతో వచ్చింది గానీ అది తెల్లవాళ్ల కోసం. భారతీయుల ప్రాణానికి మామూలు ధరకే బీమా ఇస్తామని బొంబాయి మ్యూచువల్ 1870లో అనేదాకా, మన ఒంటికి అదనపు రుసుము ఉండేది. రోగం ఉందా లేదా అని అడక్కుండానే, పుట్టుకనే రోగంగా లెక్క కట్టారన్నమాట. డెక్కు మీద పడుకుని సముద్రం దాటిన మా తాతకి ఆ ఖరీదైన బీమా కూడా అందలేదు. ఈ రోజు గల్ఫ్‌కి కూలికి వెళ్లేవాడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకి 275 రూపాయలు కడితే, ప్రమాదంలో పోయినా అవిటివాడైనా పది లక్షలు. తాత కాలంతో పోలిస్తే ఇది చిన్న మార్పు కాదు.

ఇక, దాచకుండా చెప్పాలన్న నియమం. దాని కథ కూడా బంగాళాఖాతానికి అవతలి ఒడ్డునే మొదలైంది. సుమత్రా దీవిలో ఇంగ్లీషు వాళ్ల కోట ఫోర్ట్ మార్ల్‌బరో. దాని గవర్నరు జార్జ్ కార్టర్, యూరప్ శత్రువులు కోట పట్టుకుంటే పరిహారం వచ్చేలా లండన్‌లో బీమా చేయించాడు. 1760లో ఫ్రెంచి వాళ్లు పట్టుకోనే పట్టుకున్నారు. కోట బలహీనమని తెలిసీ దాచాడంటూ బీమాదారు డబ్బు ఎగ్గొట్టాడు. 1766లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తీర్పు చెప్పాడు. బీమా నమ్మకం మీద నడిచే ఒప్పందం, ఒక పక్షానికే తెలిసిన సంగతిని అది దాచకూడదు అన్నాడు. ఈనాటికీ బీమా చట్టానికి పునాది ఆ మాటే.

కానీ ఆ దావాలో గెలిచింది కార్టర్. ఈ సంగతి తరచూ మరుగున పడిపోతుంది. బీమా ఇచ్చేవాడు తనంతట తాను తెలుసుకోగలిగినదాన్నీ, తెలిసి ఉండవలసినదాన్నీ ఎదుటివాడు చెప్పనక్కర్లేదు అని కూడా మాన్స్‌ఫీల్డ్ అన్నాడు. నియమానికి రెండు వైపులా పదును ఉంది.

మన సుప్రీం కోర్టులోనూ ఆ రెండు వైపులూ కనిపిస్తాయి. 2009లో ఒక కేసు. కిడ్నీ జబ్బు సంగతి ఫారంలో రాయకుండా మెడిక్లెయిమ్ తీసుకుని చనిపోయినాయన భార్య ఓడిపోయింది. 2021 డిసెంబరు 6న ఇంకో తీర్పు. ఒకాయన అమెరికాలో పెళ్లికని ప్రయాణ బీమా తీసుకుని వెళ్లి, శాన్ ఫ్రాన్సిస్కోలో దిగీ దిగగానే ఆసుపత్రి పాలయ్యాడు. గుండెకి మూడు స్టెంట్లు. కంపెనీ డబ్బివ్వనంది. మధుమేహం ఉందని వైద్య పరీక్షలో తెలిసీ పాలసీ ఇచ్చినవాళ్లు, ఇప్పుడు ఆ జబ్బునే సాకుగా చూపడానికి వీల్లేదని కోర్టు ఆయన్ని గెలిపించింది. ఇద్దరి మధ్యా తేడా ఒంట్లోని జబ్బు వల్ల వచ్చింది కాదు, కంపెనీ ముందున్న కాగితం వల్ల వచ్చింది.

అయితే నా జబ్బుకి ఇంకా పేరే లేదే? ఆరోగ్య బీమాలో 'ముందునుంచీ ఉన్న జబ్బు' నిర్వచనం 2019 దాకా లక్షణాలు కనిపించినా చాలన్నట్టు ఉండేది. ఆ తర్వాత సవరించి లక్షణాల మాట తీసేశారు. డాక్టరు నిర్ధారించి ఉండాలి, లేదా డాక్టరు సలహా, చికిత్స ఏదో ఒకటి జరిగి ఉండాలి. 48 నెలల లెక్కని 2024లో 36కి తగ్గించారు. విదేశీ ప్రయాణ పాలసీల షరతులు మళ్లీ వేరు, ఎవరి పాలసీలో ఉన్నది వాళ్లు చదువుకోవాలి. కానీ 'డాక్టరు సలహా' అన్న మాట దగ్గర నాకు సంగతి అర్థమైపోయింది. మూడు నెలలాగి రమ్మనడం కూడా సలహాయే. ఫారం నీకు జబ్బుందా అని అడగలేదు, ఎదురుచూస్తున్నావా అని అడిగింది. దానికి నా దగ్గర తిరుగులేని జవాబు ఉంది.

'అవును' గడిలో టిక్కు పెట్టి, డాక్టరు చీటీ నకలు జతచేశాను. మా కుర్రాడు తల పట్టుకున్నాడు. ఒక కంపెనీ ఇవ్వనంది. రెండోది ఇచ్చింది గానీ, కిడ్నీకి సంబంధించిన ఏ ఖర్చుకీ బాధ్యత లేదని ఒక వాక్యం చేర్చింది. కాలు విరిగితే ఇస్తారు, గుండె ఆగబోతే ఇస్తారు. నేను దేనికి భయపడుతున్నానో దానికి మాత్రం ఇవ్వరు. "మరి నిజం చెప్పి ఏం బావుకున్నట్టు?" అంది మా ఆవిడ. బావుకున్నది ఒక్కటే. మిగతా వాటికి ఇచ్చిన మాటని ఇక ఎవరూ వెనక్కి లాగలేరు. 'కాదు' అని పెట్టి ఉంటే, కాలు విరిగినా ఆ అబద్ధాన్నే తవ్వి తీసేవారు.

ప్రయాణం చెయ్యొచ్చని డాక్టరు రాసిచ్చాడు. మధ్యలో ఒంట్లో తేడా వస్తే ఆ ఖర్చు మాదేనని అమ్మాయికీ అల్లుడికీ ముందే చెప్పేశాను. అమ్మాయి ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత "రా నాన్నా" అంది.

బయల్దేరడానికి పదకొండు రోజులుంది. పాలసీ, డాక్టరు చీటీ, టిక్కు పెట్టిన ఫారం నకలు మూడూ కలిపి పాస్‌పోర్ట్‌తో పాటు ఒకే కవర్లో పెట్టాను. రెండో పరీక్ష తిరిగొచ్చాకే.